వెలుగుచుక్క ఊగిన సాయంత్రం

మార్చి 6

అల్లుడు గారికి మామగారు శుభం కోరి రాసేది:

ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. మీరు క్షేమంగా లేరన్న సంగతి పేపర్లోనే చదివాను కాబట్టి ఆ మర్యాద ఈసారికి మానుకుంటున్నాను. అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. నా మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. అంటే నాకంటే ముందే రిటైరయ్యాయి.

ఫోన్ చెయ్యక ఈ ఉత్తరాలేమిటని నవ్వుకుంటారేమో. ఫోన్లో అయితే నేను నాలుగు మాటలు అనేలోపే మీరు "సరే మామయ్యగారూ, అలాగే మామయ్యగారూ" అని పెట్టేస్తారు. పెళ్లయిన ఇన్నేళ్లలో మీరు నాతో అంతకంటే పెద్ద వాక్యం మాట్లాడిన గుర్తు లేదు. ఉత్తరమైతే చివరిదాకా చదవాలి. మధ్యలో సరే అనడానికి వీలుండదు.

మిమ్మల్ని సస్పెండ్ చేశారట. ఏ కారణమూ లేకుండా, పైవాళ్ల అనుమతి లేకుండా, కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఉత్తరపు పెద్ద లైను ఆపేశాడనీ, సగం పట్నం చీకటైపోయిందనీ, గాజు కర్మాగారంలో కొలిమి చల్లారి కరిగిన గాజంతా రాయిలా గడ్డకట్టిందనీ, పనివాళ్లు ఇళ్లలో కూర్చున్నారనీ రాశారు. ఆ పేపరు నేను కొన్నది కాదు. పక్కింటి పళ్ల డాక్టరు తెచ్చి మరీ చేతిలో పెట్టాడు. పెట్టి ఊరుకున్నాడా, "మీ అల్లుడేనా సార్ ఇది, డ్యూటీలో తాగి ఉన్నాడంటున్నారు, నిజమేనా" అని పరామర్శ ఒకటి. మీరు పీకిన పళ్లలో సగం మంచివేనంటున్నారు, అది నిజమేనా అని అడిగి తలుపేసుకున్నాను. తలుపైతే వేశాను గానీ, చాలాసేపు దాని వెనకే నిలబడిపోయాను. బజారుకు వెళ్లాలంటే ఇప్పుడు వెనక సందులోంచి వెళ్తున్నాను.

నన్ను పొడిచింది తాగుడు మాట కాదు. ఏ కారణమూ లేకుండా అన్న మాట. కారణం నేను కదా! ఆ సాయంత్రం ఫోన్ చేసి లైను ఆపమన్నది నేను కదా! మూడు దశాబ్దాలు అయస్కాంత పరిశోధనశాల నడిపినవాడు చెబితే ఆపాను అని ఒక్క ముక్క అని ఉంటే అది కారణం కాకుండా పోతుందా? నా పేరు ఎందుకు చెప్పలేదు మీరు? నా పేరు చెప్పుకోవడం మీకు సిగ్గా?

విచారణ ఇరవయ్యో తారీఖున అని అమ్మాయి చెప్పింది. అక్కడ కూర్చునేవాళ్లకు తీగలోని కరెంటే తప్ప తీగ లేని కరెంటు తెలియదు. వాళ్లకు ఇలా చెప్పండి. మనమున్న ఈ ఉత్తరపు చలిదేశంలో రాత్రిపూట ఆకాశాన ధ్రువకాంతులు ఆకుపచ్చగా ఆడుతుంటే జనం తలకాయలెత్తి ఫోటోలు తీస్తారు. పళ్ల డాక్టరు కూడా తీస్తాడు, తీసి నాకు చూపిస్తాడు. అది పైమెరుగు. అసలు సరుకు కంటికి కనబడదు. వంద కిలోమీటర్ల ఎత్తున, ఉందా లేదా అన్నట్టుండే పలచని గాలిని సూర్యుడి నుంచి వచ్చే కణాలు తాకితే, ఆ గాలే తీగగా మారుతుంది. అందులో తూర్పు పడమరలుగా కరెంటు ఏరులా పారుతుంది. లక్షల ఆంపియర్లు. దానికి స్విచ్చు లేదు, బిల్లు లేదు. అది పొంగినప్పుడు కింద దిక్సూచి ముల్లు వణుకుతుంది. మీ పొడుగాటి లైన్లలో ఎవరూ పంపని కరెంటు పుడుతుంది. అది నేలలోంచి ట్రాన్స్‌ఫార్మర్ పొట్టలో దూరి దాని ఇనుప గుండెను ఉడికిస్తుంది. ఒక్క పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పోతే కొత్తది రావడానికి నెలలు పడుతుంది. అంతకాలం చీకట్లో కూర్చోవడం మంచిదా, ఒక్క పూట కూర్చోవడం మంచిదా? ఇది అడగండి వాళ్లను.

నేను చూసింది కూడా రాస్తున్నాను, చదివి వినిపించండి. మా తోట చివర చెక్కగది మీకు తెలుసు. అందులో ఒక్క ఇనుప మేకు లేదు. పట్టుదారానికి వేలాడే చిన్న అయస్కాంతం, దానికి అతికించిన అద్దం, అద్దం మీంచి ఎదుటి స్కేలు మీద పడే వెలుగుచుక్క. ఆకాశంలో కరెంటు మారితే చుక్క జరుగుతుంది. ఆ రోజు దీపాలు పెట్టే వేళకు వెళ్లాను. మబ్బు పట్టి ఉంది, కాంతులు కనబడే వీల్లేదు. నేను స్కేలు దగ్గరికి వెళ్లి వంగేసరికి చుక్క తన చోటు వదిలేసి స్కేలు చివరికి పోయి ఉంది. నిలకడగా కూడా లేదు. నిదానంగా, ఒక లయలో, పెద్ద జంతువేదో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ముందుకీ వెనక్కీ ఊగుతోంది. నా జన్మలో అలాంటిది చూడలేదు. చూస్తున్నకొద్దీ ఊపు ఎక్కువైంది. ఇంట్లోకి పరుగెత్తి మీకు ఫోన్ చేశాను. లైను ఆపండి, ఆలోచించకండి, ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది అన్నాను. మీరు అలవాటు ప్రకారం "సరే మామయ్యగారూ" అన్నారు.

ఆ సాయంత్రం చిన్న అలజడే తప్ప అయస్కాంత తుఫాను లేదని మా పాత ఆఫీసు ప్రకటించిందట. ఎందుకు ప్రకటించదు? నేను దిగిపోగానే వచ్చిన డైరెక్టరు, టై లేకుండా నిద్ర కూడా పోడని పేరు, చెక్కగదులు పాతవైపోయాయని పరికరాన్ని తీసుకెళ్లి లారీలు తిరిగే హైవే పక్కన పెట్టించాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఆకాశం ఎంత మొత్తుకుంటే మాత్రం దానికేం వినిపిస్తుంది?

విచారణలో నిపుణుడిగా మా పాత ఆఫీసు పొడుగాయనను వేశారని తెలిసి నవ్వొచ్చింది. మీకు ఆయన తెలియదు. నాతో పాటే చేరాడు, పక్క గదిలోనే పనిచేశాడు. నా జీవితంలో ముఖ్యమైన ఒక సభలో, ధ్రువకాంతులకు ముందు కరెంటు దిశ మారే తీరు మీద నేను రెండేళ్ల పరిశోధన చదివి కూర్చోగానే లేచి, "ఈయనకి రోడ్డు మీద లారీ వెళ్లినా ఆకాశంలో కరెంటే కనిపిస్తుంది" అన్నాడు. హాలంతా నవ్వింది. టీ ఇచ్చేవాడు కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అందుకే మీ పెళ్లికి కూడా ఆయన్ని పిలవలేదు. ఇప్పుడు ఆయన ముందే నా పేరు చెప్పండి. కావాలంటే వచ్చి గది చూసుకోమనండి.

ఒక్క మాట. ఇన్నాళ్లూ అల్లుడేం చేస్తాడని అడిగితే కరెంటాఫీసులో అనేవాణ్ణి. ఇంజనీరు అనడానికి నోరొచ్చేది కాదు. ఆ సాయంత్రం నా మాట మీద లైను ఆపారు కనుక ఇకనుంచి ఇంజనీరు అనే చెబుతాను.

ఇట్లు,
మీ మేలు కోరే
మామయ్య

●

మార్చి 14

అల్లుడు గారికి,

మొదటి ఉత్తరం దాచి ఉంటే చింపెయ్యండి. ఈసారి కుశల ప్రశ్నలు అడిగే మొహం లేదు.

విచారణవాళ్లు గది చూడ్డానికి వస్తారేమో, దుమ్ము దులిపి పెడదామని, ఆ సాయంత్రం తర్వాత మొదటిసారి, నిన్న మధ్యాహ్నం వెళ్లాను. ఎండ కాస్తోంది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఆ సాయంత్రంలాగే కోటు వేసుకుని వెళ్లాను. ఆ కోటు సంగతి అమ్మాయికి తెలుసు, మీకు తెలియకపోవచ్చు. మా పనిలో అయస్కాంతం దగ్గరికి ఇనుము పోకూడదు. తాళంచెవి, చాకు, గడియారం అన్నీ గుమ్మం బయట బుట్టలో పడెయ్యాలి. ఒకసారి మంత్రిగారు చూడవస్తే ఆయన బెల్టు బకిలు ఇనుపదని విప్పించాను. పాపం, రెండు చేతులతో ప్యాంటు పట్టుకుని భూమి అయస్కాంత క్షేత్రం గురించి నేను చెప్పిందంతా విన్నాడు. చేతులు ఖాళీ లేక చప్పట్లు కొట్టలేదు. మీ అత్తగారు నాకు కాఫీ తెచ్చి, తలలో పిన్ను ఉందని గుమ్మంలోనే నిలబడిపోయేది. కప్పు అందుకోవడానికి నేను లేస్తే గదా! "అయస్కాంతాన్నే కట్టుకోవాల్సింది మీరు, అది జడ వేసుకోదు" అనేది. ఆ గది కోసమే కుట్టించుకున్న కోటు అది. కొమ్ము బొత్తాలు, గుడ్డ పట్టీలు. ఉద్యోగమంతా దానితోనే గడిచింది. అది వేసుకుంటే ఇంక ఒళ్లు తడుముకోనక్కర్లేదు.

గదిలోకి వెళ్లి వంగానో లేదో, చుక్క స్కేలు చివరికి పారిపోయింది. పట్టపగలు! మళ్లీ వచ్చిందిరా తుఫాను అనుకుని సంతోషించాను. అవును, సంతోషించాను. మీ మాట నిలబడుతుందని కొంత, పొడుగాయన మొహం చూడొచ్చని ఎక్కువ. చుక్క మళ్లీ ఆ సాయంత్రంలాగే ఊగుతోంది, నిదానంగా, లయగా. దుమ్ము గొంతులో పడి దగ్గొచ్చింది. నేను దగ్గాను. చుక్క దగ్గింది.

అక్కడే ఆగిపోయాను. ఊపిరి బిగబట్టాను. చుక్క నిలబడింది. వదిలాను. కదిలింది.

ఆకాశం ఊపిరి తీస్తోందని మీకు రాశానే, అది నా ఊపిరి.

తర్వాత కొత్తగా చేరిన కుర్రాళ్లకు మేం నేర్పే పనే చేశాను. టోపీ తీసి బయట పెట్టి చూశాను. కళ్లద్దాలు, చెప్పులు, ఒక్కొక్కటే. చిట్టచివర కోటు, అది దొంగ అయ్యే వీల్లేదు కనక. కోటు విప్పి చెట్టుకొమ్మకు తగిలించి వచ్చేసరికి చుక్క తన చోటికి పోయి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. మీ అత్తగారి సూదిపెట్టె తెచ్చి, బొత్తాం దగ్గర ఒక సూది పట్టాను. చేతిలోంచి ఎగిరిపోయి అతుక్కుంది.

ఫోన్ ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నవాణ్ణి, అమ్మాయికి చేశాను. సూది అతుక్కున్న సంగతి చెప్పాను. అది విని "నీ వేళ్లు వణుకుతున్నాయి కద నాన్నా, బొత్తాలు పెట్టుకోలేక కోటు తెరిచే తిరుగుతున్నావు, అడిగితే ఉక్కగా ఉందంటావు, మంచులో ఉక్కేంటి నాన్నా" అంది. బాగు చేయిస్తానని తీసుకెళ్లి, పైన పాత బొత్తాలే ఉంచి, లోపల అయస్కాంతాలు కుట్టిందట. కోటు నా చేతికి తిరిగొచ్చింది ఆ సాయంత్రానికి ముందు రోజే. దగ్గరికి తెస్తే వాటంతటవే పట్టుకుంటాయి. చెబితే వేసుకోనని చెప్పలేదట.

ఈ మధ్యే నా వేళ్లు కుదుటపడ్డాయని అనుకున్నాను బాబూ. బొత్తాలు ఎంత సులువుగా పడుతున్నాయో! మందు బాగా పనిచేస్తోందని డాక్టరుకు కూడా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయి ఆ మందే ఇంకొకరికి కూడా రాశాడు. జన్మంతా అయస్కాంతాలతో కాపురం చేసినవాణ్ణి, గుండె మీద పెట్టుకుని తిరుగుతూ కనుక్కోలేకపోయాను. నమ్మాలనుకున్నది ఎదురుగా ఉంటే మనిషికి ఇంకేదీ కనబడదు. ఇది నేను ఇతరుల గురించి చాలాసార్లు రాశాను.

అమ్మాయిని తిట్టాను. ఆ గదిలోకి ఇనుము రాకూడదని పుట్టినప్పటి నుంచీ తెలుసు కదా, అయస్కాంతమే కుడతావా అని అరిచాను. ఏడుస్తూ, "ఆ గదికి వెళ్లడం మానేశానన్నావు కద నాన్నా, ఆ కోటు ఇంక బజారుకే అన్నావు కదా, లేకపోతే చేస్తానా" అంది.

అన్నాను. అదీ నేనే అన్నాను. నేను రాసి పంపే కొలతలు అక్కర్లేదని ఆఫీసు వాళ్లు కవర్లు విప్పకుండానే తిప్పి పంపడం మొదలుపెట్టారు. ఎవరికీ పనికిరానివి రోజూ కూర్చుని రాసుకుంటున్నానని కూతురికి చెప్పుకోలేక, అన్నీ మానేశాను, హాయిగా ఉన్నాను అన్నాను. ఆ అబద్ధానికే ఆ పిల్ల మోసపోయింది.

అక్కడితో అయినా బాగుండేది. ఫోన్ పెట్టెయ్యబోతుంటే నెమ్మదిగా అంది, "ఆయనకి ఆ మర్నాడే అర్థమైంది నాన్నా, నేను అయస్కాంతాలు కుట్టానని ఆయనకి ముందే తెలుసు, మిగతా ఊళ్ల పరికరాల్లో ఎక్కడా పెద్దగా ఏం లేదనేసరికి నువ్వు ఏ కోటు వేసుకున్నావని నన్నడిగారు, నీకు చెప్పొద్దన్నారు" అని. నా పేరు బయటపెడితే గది చూడ్డానికి వస్తారు, వస్తే కోటు దొరుకుతుంది, దొరికితే అందరూ నవ్వుతారు, అందుకే నా పేరెత్తలేదట మీరు. "ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను, ఆయనకి ఇంకో గది ఎక్కడ దొరుకుతుంది" అన్నారట.

నా పేరు చెప్పుకోవడం సిగ్గా అని అడిగాను మిమ్మల్ని. ఆ వాక్యం మీరు చదివేశారు, ఇప్పుడు కొట్టెయ్యడానికి కూడా వీల్లేదు.

ఇరవయ్యో తారీఖున నేనే వచ్చి చెబుతాను. మీరు తాగలేదు, పిచ్చివారు కాదు, ఆ విద్యలో తలపండినవాడు ఫోన్ చేసి భయపెడితే ఆపారు అని చెబుతాను. అది చాలు మీ ఉద్యోగం నిలబడ్డానికి. కోటు సంగతి కూడా చెప్పాల్సి వస్తుందా అని ఆలోచిస్తున్నాను. పరికరం పాతబడిందంటే సరిపోతుందేమో. చూద్దాం. ఏదైనా వస్తాను. మీరు మాత్రం ఎవరో తెలిసినాయన చెప్పారని అనండి, ఆ ఎవరో నేను లేచి నిలబడతాను.

మీ
మామయ్య

●

మార్చి 20, సాయంత్రం

బాబూ,

రాలేకపోయాను. ఏం చెప్పమంటారు, బస్సు దారిలో ఆగిపోయింది. వంతెన దాటాక ఇంజన్ ఒకటే పొగ. డ్రైవరు బానెట్ ఎత్తి చూసి, "దీనికి నాకంటే ఎక్కువ వయసుంది, నేనేం చెయ్యను" అన్నాడు. నా పక్కన ఒకావిడ గుడ్ల బుట్టతో కూర్చుంది. ఆ గుడ్లు పొదిగి పిల్లలయ్యేదాకా ఇక్కడే ఉంటాం కాబోలని అందర్నీ నవ్వించింది. రెండో బస్సు వచ్చి మమ్మల్ని ఎక్కించుకునేసరికి పొద్దు వాలింది. నేను చేరేటప్పటికి హాలు తలుపులు మూసేశారు. కాపలా అతను, "అయిపోయింది పెద్దాయనా, సోమవారం చెప్తారంట" అన్నాడు.

ఏం జరిగిందో అమ్మాయి ఫోన్లో చెప్పింది. మీరు ధైర్యంగా మాట్లాడారని విన్నాను. మీకు చదువుంది, వయసుంది. ఒక తలుపు మూసుకుంటే ఇంకోటి తెరుచుకోకపోదు. పోనీ, నేను వచ్చి చెప్పినా వాళ్లు వినేవాళ్లా? పొడుగాయన ఒప్పుకునేవాడా? ఆ టై డైరెక్టరు ఊరుకునేవాడా? ముసలాడి మాటకు విలువేమిటని తోసిపారేసేవాళ్లు. మీకు ఇంకా కీడే జరిగేది. ఏది జరిగినా మన మంచికే అనుకోవాలి.

అమ్మాయిని జాగ్రత్తగా చూసుకోండి. మోకాళ్లు ఇవాళ మరీ బాధపెడుతున్నాయి.

ఆశీస్సులతో,
మామయ్య

తా.క. మార్చి 21, ఉదయం.

పైనున్నదంతా రాసి, కవరు అంటించి, మళ్లీ విప్పాను. బస్సు ఆగలేదు. గుడ్ల బుట్ట ఆవిడ లేదు. ఆ డ్రైవరు నోట పెట్టిన మాట కూడా నేను అల్లిందే, ఇంత చక్కగా అల్లగలనని నాకే తెలియదు.

నేను హాల్లోనే ఉన్నాను. అందరికంటే ముందే వచ్చి, చివరి బెంచీలో స్తంభం పక్కన, మఫ్లరు ముక్కుదాకా లాక్కుని కూర్చున్నాను. గాజు కొలిమి మేస్త్రీ లేచి, "గడ్డకట్టిన కొలిమిని రాజెయ్యరు సార్, పగలగొడతారు, మా వాళ్లు వచ్చే నెలదాకా పనిలేకుండా కూర్చోవాలి, ఎందుకు ఆపాడో మాకు చెప్పండి చాలు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అతనికి జవాబు చెప్పాల్సినవాణ్ణి అతని వెనకే ఉన్నాను.

పొడుగాయన మిమ్మల్ని బాబూ అని పిలిచాడు. విన్నాను. "ఆకాశంలో కరెంటు సంగతి తెలిసినవాళ్లెవరైనా నీకు ఫోన్ చేశారా బాబూ, చెబితే నీకే మంచిది, అది వేరే లెక్కలోకి వస్తుంది" అన్నాడు. మీకు దారి తెరిచి పెట్టాడు. నేను ముందు బెంచీ అంచు రెండు చేతులా పట్టుకున్నాను. ఎవరో తెలిసినాయన అని మీరు అంటే లేవాలని. మీరు అనలేదు. "ఎవరూ చెయ్యలేదు సార్, నాకే అనిపించింది" అన్నారు. నా ముందున్నవాడు పక్కవాడితో, "అనిపిస్తే ఆపెయ్యడానికి అదేమైనా వాళ్లింట్లో ఫ్యానా" అన్నాడు. హాలంతా నవ్వింది. మీరు తల వంచుకుని నిలబడ్డారు.

నా మీద పడాల్సిన నవ్వది. మీరు దాన్ని మోశారు, నేను చూస్తూ కూర్చున్నాను. మోకాళ్ల మీద నెపం పెట్టలేను, అవి లేచేవే. నోరు కూడా ఉంది. మీరు అనకపోయినా నేను లేవొచ్చు. నేను లేవలేదు, అంతే. బయట బస్‌స్టాపులో మీరు ఒంటరిగా నిలబడి అమ్మాయితో "అయిపోయింది, బాగానే జరిగింది" అని ఫోన్లో చెబుతుంటే గోడ వెనక నక్కి విన్నాను. మీ బస్సు కదిలేదాకా బయటికి రాలేదు. ఇంటికొచ్చి పై ఉత్తరం రాశాను. పైగా మీకు ధైర్యం చెప్పాను!

తెల్లవారుతూనే బయల్దేరి ఇప్పుడు పొడుగాయన ఇంట్లో కూర్చున్నాను. తలుపు ఆయనే తీశాడు. మనిషి సగమైపోయాడు. పొడుగు మాత్రం అలాగే ఉంది. గుమ్మంలో నన్ను చూసి, "చలిలో ఏంటి అలా చూస్తున్నావ్, లోపలికి రా, చక్కెర ఇప్పటికీ రెండు చెంచాలేనా" అంటూ వంటింట్లోకి వెళ్లాడు. ఇన్నేళ్ల తర్వాత ఎందుకొచ్చావని అడగలేదు. ఆయన తిరిగొచ్చేలోగా లేచి వెళ్లిపోతానేమోనని నన్ను నేనే నమ్మలేక, జేబులోంచి మీకు రాసిన ఈ ఉత్తరం తీసి ఈ బల్ల మీద పరిచి రాస్తున్నాను. రాస్తున్నంతసేపూ కూర్చునే ఉంటాను కదా.

కప్పులు తెచ్చాడు. ఎవరికి రాస్తున్నావని అడిగాడు. మా అల్లుడికి, నిన్న మీ ముందు నిలబడి ఎవరూ చెయ్యలేదన్నాడే, అతనికి అన్నాను. ఆయన కప్పులు కింద పెట్టాడు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. నవ్వలేదు. ఈ ఒక్క ముక్కా ముగించనీ, తర్వాత అంతా చెబుతాను, కోటుతో సహా, అన్నాను. సరేనని కాచుకుని కూర్చున్నాడు.